పసుపు రాసిన గుడ్లు

మా ఇంట్లో కొండచిలువ ఉందని చెబితే మనవాళ్లు ముందు నవ్వుతారు. నిజమని తెలిశాక మళ్లీ మా గుమ్మం తొక్కరు. తప్పంతా దానిదే అనలేను. నా నోరు కూడా అంత మంచిది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా నాన్న చిన్నప్పుడే చెప్పాడు. విన్నదెవరు?

నా పేరు పద్మనాభం. ఐర్లండ్‌లో, కార్క్ నగరం పక్కన రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. తయారైన ప్రతి బ్యాచ్‌లోనూ లోపం ఉందేమోనని వెతకడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ పని ఆపలేకపోయాను. నాలుగేళ్ల కిందట నా భార్య హేమమాలిని నన్ను వదిలేసి డబ్లిన్ వెళ్లిపోయింది. మా అమ్మాయి సహస్ర మాత్రం స్కూలు మారనని మొండికేసి, క్యారిగలైన్‌లోని ఈ అద్దె ఇంట్లో నాతోనే ఉండిపోయింది. అది ఏమడిగినా కాదనే ధైర్యం నాకు లేని రోజులవి. సరిగ్గా అప్పుడే పామును అడిగింది.

దాన్ని రాయల్ పైథాన్ అంటారు. పేరే గొప్ప, పొడవు నాలుగడుగులే. విషం లేదు, తొందరా లేదు. ఒంటిని గుండ్రంగా చుట్టుకుని పడుకుంటే చేగోడీలా ఉంటుందని సహస్ర దానికి చేగోడీ అని పేరు పెట్టింది. అమ్మినవాడు మగదన్నాడు. మేమూ సరేననుకున్నాం. పాము బట్టలిప్పి చూసేదేముంది?

పోయిన సెప్టెంబరులో సహస్ర డబ్లిన్ పక్కనున్న మెయ్‌నూత్‌లో డిగ్రీలో చేరింది. అది అద్దెకున్న ఇంట్లో పాముల్ని రానివ్వరు. గాజుపెట్టె తన గదిలోనే ఉండిపోయింది. వెళ్లేముందు ఎలుకపిల్లను ఫ్రీజర్‌లోంచి తీసి గోరువెచ్చటి నీళ్లలో ఎలా కరిగించాలో, పట్టకారుతో ఎలా అందించాలో నాకు రెండుసార్లు చూపించింది. "నీకు కష్టమైతే చెప్పు డాడ్. మెయ్‌నూత్ పక్కనే నా ఫ్రెండ్ వాళ్లకి పెద్ద ఇల్లుంది, వాళ్లు పెంచుకుంటారు" అంది. ఇంగ్లీషులోనే అంది, అది తెలుగు వింటుంది కానీ మాట్లాడదు. "నాకేం కష్టం? నేను చూసుకుంటాలే" అన్నాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం పదకొండు గంటలకు ఫోన్ చేస్తుంది. "హౌ ఆర్ యూ, డాడ్?" అంటుంది ముందు. ఆ మాట ఇక్కడ బస్సు డ్రైవరూ అంటాడు, మందులషాపు పిల్లా అంటుంది. జవాబు ఎవరికీ అక్కర్లేదు. నేను "గ్రాండ్" అంటాను. బాగున్నాననడానికి ఇక్కడ అందరూ అనేది అదే. ఆ వెంటనే "చేగోడీ ఎలా ఉన్నాడు?" అని మొదలుపెడుతుంది, అక్కడినుంచి ఇరవై నిమిషాలు పాము గురించే. తిన్నాడా, కుబుసం వదిలాడా, నీళ్లు మార్చావా అని. సెలవులకి క్రిస్మస్‌ అప్పుడు నాలుగు రోజులు వచ్చింది, అందులో మూడు రోజులు పామును మెడలో వేసుకునే తిరిగింది. మామూలు వారాంతాల్లో వాళ్లమ్మ దగ్గరికి వెళ్తుంది. డబ్లిన్ దగ్గర, కార్క్ దూరం. అర్థం చేసుకోలేనివాణ్ణి కాదు.

కానీ ఒక మాట చెప్పాలి. ఆ పాము ఈ ఇంట్లోంచి వెళ్లిపోయిన రోజు ఆ ఫోన్ కూడా పోతుందని నాకు గట్టిగా తెలుసు. ఏడు రోజుల్లో నా అనే మనిషితో తెలుగు మాట్లాడేది ఆ ఇరవై నిమిషాలే, అందులోనూ తెలుగు నాదే. అది కూడా లేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించడానికే భయం వేసేది.

జనవరి మధ్యలో చేగోడీ పడక మారింది. ఎప్పుడూ బెరడు గూట్లో దూరి, ముక్కు ఒక్కటే బయటపెట్టి పడుకునేది. అలాంటిది గూడు వదిలేసి, బయట నీళ్ల గిన్నె చుట్టూ ఒళ్లంతా చుట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. వెచ్చటి వైపు వెళ్లదు, చల్లటి గిన్నెనే కావలించుకుంటుంది. ఒక్కోరోజు సగం ఒళ్లు తిరగేసి, తెల్లటి పొట్ట పైకి పెట్టి పడుకునేది. మొదటిసారి చూసినప్పుడు చచ్చిపోయిందనుకున్నాను. వేలితో పొడిచాక నాలుక బయటపెట్టి, నావైపు విసుగ్గా చూసి మళ్లీ అలాగే పడుకుంది. ఎలుక పెడితే మొహం తిప్పుకుంది. ఒక వారం, రెండు వారాలు, ఆరు వారాలు.

ఫ్యాక్టరీలో అయితే బ్యాచ్‌లో తేడా కనపడగానే నివేదిక రాస్తాను. ఇంట్లో మాత్రం దాచిపెట్టాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పని. చెబితే సహస్ర దాన్ని తీసుకెళ్లిపోతుంది, చెప్పకపోతే ఇది చచ్చిపోతుందేమో. ఆదివారం "చేగోడీ?" అంటే "గ్రాండ్, మొన్ననే తిన్నాడు" అనేవాణ్ణి. ఫొటో అడిగితే పాతవాటిలోంచి ఒకటి పంపేవాణ్ణి.

ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చే మనిషి ఒక్కరే, రత్నకుమారిగారు. రెండు వీధుల అవతల కొడుకు హేమచంద్ ఇంట్లో ఉంటుంది. కొడుకు మా ఫ్యాక్టరీయే. కోడలు ఆస్పత్రికి, మనవలు స్కూలుకి పోయాక ఆవిడకి పొద్దు గడవదు. నేను పిన్నిగారూ అంటాను. వారంలో రెండుసార్లు పప్పో పులుసో డబ్బాలో పెట్టుకొచ్చి, నేను డ్యూటీలో ఉంటే వంటింట్లో పెట్టి వెళ్తుంది. అందుకే ఒక తాళంచెవి ఆవిడకిచ్చాను.

ఈవిడతో ఒక గొడవ ముందే ఉంది. అక్టోబరులో నాగులచవితికి తెల్లారగానే చెంబుతో పాలు, చలిమిడి, చిమ్మిలి, ఒక కోడిగుడ్డు పట్టుకుని వచ్చింది. "ఈ దేశంలో పాములే లేవటగా నాయనా. పుట్ట ఎక్కడ దొరుకుతుంది? నీ ఇంట్లో స్వామే ఉన్నాడు, రెండు చుక్కలు పోసి పోతాను" అంది. నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. పాములు పాలు తాగవని, అది ఆఫ్రికా జాతిదని, దానికి మన చవితీ తెలియదు పంచమీ తెలియదని అరగంట పాఠం చెప్పాను. పాపం, ఆవిడ పాలచెంబు పట్టుకుని నిలబడే విన్నది. చివరికి వెళ్తూ చలిమిడి నాకిచ్చి, "నువ్వైనా తిను" అంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వచ్చి, గిన్నెను కావలించుకున్న చేగోడీని చూసి చాలాసేపు నిలబడింది. "ఏదో మనసులో పెట్టుకుంది నాయనా. ఆ రోజు నన్ను పొయ్యనిచ్చి ఉంటే..." అంది. "పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతాను, ఆ మాట మాత్రం అనకండి" అన్నాను. 

ఆ తర్వాతి గురువారం. రాత్రంతా పన్నెండు గంటల డ్యూటీ చేసి పొద్దున ఇంటికొచ్చి గదిలోకి వెళ్లేసరికి చేగోడీ గిన్నె దగ్గర లేదు. గూట్లో మెట్లు మెట్లుగా చుట్టుకుని, పుట్టలా ఎత్తుగా కూర్చుంది. తల పైన పెట్టుకుంది. చుట్టల సందుల్లోంచి ఏదో కనపడింది. వంగి చూశాను. గుడ్లు. తెల్లగా కాదు, పచ్చగా, పసుపు రాసినట్టు.

ఇంకేముంది. వంటింట్లో కొత్త డబ్బా ఉండనే ఉంది. అంటే నిన్న సాయంత్రం ఆవిడ వచ్చింది. నేను లేనప్పుడు చూసి, కోడిగుడ్లకి పసుపు రాసి పెట్టెలో పెట్టేసింది. నీళ్లైనా తాగలేదు, కోటైనా విప్పలేదు. రెండు వీధులూ ఒక్క ఊపులో నడిచాను.

తలుపు తీసింది రత్నకుమారిగారే. ఇంట్లో ఇంకెవరూ లేరు. "మీ పూజలు మీ ఇంట్లో పెట్టుకోండి. నా ఇంటి తాళం ఇచ్చింది పులుసు పెట్టడానికి, పుట్టలో గుడ్లు పెట్టడానికి కాదు. ఆరువారాలుగా తిండి లేని ప్రాణి అది. దానికేమైనా అయితే నా కూతురికి మీరు చెబుతారా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇప్పుడు రాయను.

"నేను ఆ గదిలోకే వెళ్లలేదు బాబూ. వంటింట్లోంచే వచ్చేశాను" అంది ఆవిడ.

"తాళంచెవి ఇవ్వండి."

లోపలికి వెళ్లి తెచ్చింది. నా చేతిలో పెడుతూ ముఖం పక్కకి తిప్పుకుంది. అంతవరకూ నాయనా అన్న మనిషి బాబూ అందని, ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. అయినా గెలిచినట్టే అనుకున్నాను. ఆవిడ తెచ్చిన డబ్బా తెరిస్తే ములక్కాడ పులుసు. మూత పెట్టేశాను.

శుక్రవారం సెలవు పెట్టి కార్క్‌లో పాముల్ని కూడా చూసే పశువైద్యురాలి దగ్గరికి వెళ్లాను. పామును కదిలిస్తే బుస్సుమంటోంది, అందుకని ఫోన్‌లో వీడియో తీసుకెళ్లాను. క్లోడా అని, ముప్పై ఏళ్లుంటాయేమో, చేతులకి పిల్లి గీతలు. వీడియో చూసి నవ్వింది. "ఇదెవరో తల్లయిందే. ఎన్ని పెట్టింది?"

"అది మగది" అన్నాను.

"మగవి గుడ్లు పెట్టవు."

"అవి కోడిగుడ్లు. మాకు తెలిసినావిడ పెట్టింది. మాకొక పండగ ఉంది, గుడ్లు పాముకి ఇస్తారు. పసుపు కూడా రాసింది చూడండి."

క్లోడా వీడియోను పెద్దది చేసి నా ముందు పెట్టింది. "కోడిగుడ్లు ఇలా ఒకదానికొకటి అతుక్కోవు. వీటికి గట్టి పెంకు కూడా లేదు. పసుపు ఎవరూ రాయలేదు. పిల్ల లేని గుడ్లు ఈ రంగులోనే ఉంటాయి" అంది. తర్వాత నెమ్మదిగా అంతా చెప్పింది. మగతోడు లేకపోయినా ఒక్కోసారి ఆడపాము గుడ్లు పెడుతుందట. పెట్టేముందు తిండి మానేసి, చల్లటి గిన్నెను చుట్టుకుని, పొట్ట తిరగేసి పడుకుంటుందట. పెట్టాక వాటిని చుట్టుకుని కూర్చుంటుంది. జబ్బేమీ కాదు. నెలన్నరగా అది నాకు చెబుతూనే ఉంది, నాకే తెలియలేదు.

"అవి పిల్లలు కావని దానికి తెలియదా?" అని అడిగాను.

"తెలియదు. తీసేయకపోతే అలాగే కూర్చుంటుంది, తినదు, చిక్కిపోతుంది. గుడ్లు తీసి, పామును గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పెట్టె కూడా బాగా కడగండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడే చుట్టుకుంటుంది. ఒక్కరి వల్ల కాదు, ఒకరు పట్టుకోవాలి, ఒకరు తియ్యాలి. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు" అన్నాను. అబద్ధాలు నాకప్పటికి బాగానే అలవాటయ్యాయి.

కారులో కూర్చున్నాను కానీ తాళం తిప్పలేదు. తల కొట్టేసినట్టైంది. ఫోన్‌లో పేర్లన్నీ ఒకసారి పైనుంచి కిందకి చూశాను. ల్యాబులో ఇద్దరు ముగ్గురు, ఇంటి ఓనరు, పెట్రోలు బంకు పక్కన కారు బాగుచేసే అతను. పామును పట్టుకోవడానికి రా అని అడగగలిగిన పేరు ఒక్కటీ లేదు. ఉన్న ఒక్కరి దగ్గర నిన్ననే తాళంచెవి గుంజుకున్నాను.

శనివారం పొద్దున ఆ తలుపే మళ్లీ కొట్టాను. రత్నకుమారిగారు నన్ను చూసి తలుపు పూర్తిగా తియ్యలేదు. "గుడ్లు అదే పెట్టిందట పిన్నిగారూ. అది ఆడది. మీరు పెట్టలేదు" అన్నాను. "నాది తప్పు. నేనన్న మాటలకి మీరు చెప్పుతో కొట్టినా పడతాను."

"చెప్పులు బయటున్నాయి, చలికి ఎవరు పోతారు? లోపలికి రా" అంది.

కాఫీ ఇచ్చి అంతా చెప్పించుకుంది. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని క్లోడా అడిగిన మాట మాత్రం కాఫీ కప్పులోకి చూస్తూ చెప్పాను. "పామంటే నాకు చచ్చేంత భయం నాయనా. దూరంనుంచి దణ్ణం పెట్టుకోవడమే కానీ ఎప్పుడూ ముట్టుకోలేదు" అంది. అంటూనే కోటు తొడుక్కుంది.

అంట్లు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని, పెట్టె ముందు నిలబడి ఒక నమస్కారం చేసింది. ఈసారి నేనేమీ అనలేదు. చేగోడీ మెడ వెనక ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి ఒక్కో చుట్టే విప్పాను. చుట్ట విప్పితే మళ్లీ బిగించేది. అంత బలం దానిలో ఉందని నాకు నాలుగేళ్లలో తెలియదు. కరవలేదు కానీ వదల్లేదు. "తియ్యండి పిన్నిగారూ" అన్నాను. ఆవిడ కళ్లు సగం మూసుకుని, చెయ్యి పెట్టి, ఐదు గుడ్ల ముద్దను బయటకి లాగింది.

"నిజంగానే పసుపు రాసినట్టున్నాయి నాయనా" అంది వాటిని వెలుతురులో పట్టుకుని. "నేను చూసినా ఇలాగే అనుకుందును." ఆ మాటతో నా తప్పు సగం ఆవిడే మోసేసింది.

చెత్తబుట్టలో వెయ్యనివ్వలేదు. పెరట్లో కంచె కింద గుంట తవ్వి పెట్టి వచ్చింది. నేను చేగోడీని గోరువెచ్చటి నీళ్లలో ముంచి కడిగాను, పెట్టె మొత్తం రుద్ది రుద్ది కడిగాను. సబ్బు వాసన గదంతా నిండింది. ఆ గదిలో సెప్టెంబరునుంచి ఉతకని దుప్పటి ఒకటుంది, సహస్ర కప్పుకున్నది. అప్పుడప్పుడు ఆ గదిలో ఎందుకు కూర్చుంటానో నాకు తెలుసు. దాని జోలికి మాత్రం వెళ్లలేదు.

రత్నకుమారిగారు వెళ్లేటప్పుడు తాళంచెవి ఇవ్వబోయాను. "ఉంచు. నువ్వింట్లో ఉన్నప్పుడే వస్తాను" అంది. అది కోపమో మంచితనమో నాకిప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమంతా చేగోడీ పెట్టెలో తిరిగింది. గూట్లోకి వెళ్లి ముక్కుతో మూలమూలా వెతికింది, బయటకొచ్చింది, మళ్లీ వెళ్లింది. చివరికి గుడ్లున్న చోటే ఖాళీగా చుట్టుకుని పడుకుంది. నేను నేలమీద కూర్చుని చూశాను. ఏడుపొచ్చింది. పాము కోసమని ఎవరికైనా చెబితే నవ్వుతారు.

ఆదివారం పదకొండింటికి ఫోన్ మోగింది.

"హౌ ఆర్ యూ, డాడ్?"

"గ్రాండ్."

"చేగోడీ ఎలా ఉన్నాడు?"

దాచాలంటే దాచొచ్చు. ఇక భయమేమీ లేదు, రెండు వారాల్లో అదే తింటుంది. కానీ అబద్ధం నోట్లోంచి రాలేదు. మొత్తం చెప్పేశాను. మగది కాదని, గుడ్లు పెట్టిందని, నెలన్నర తినలేదని, పాత ఫొటోలు పంపానని. 

"ఫొటోలు పాతవని తెలుసు" అంది. "ఫిబ్రవరిలో పంపినదాంట్లో కిటికీకి క్రిస్మస్ స్టార్ వేలాడుతోంది డాడ్. నువ్వే చెబుతావని చూస్తున్నా. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తీసుకెళ్లిపోతావుగా. పాము లేకపోతే నువ్వు ఫోనెందుకు చేస్తావు?" అనేశాను. అన్నాక ఆగలేదు. "ఆదివారం ఆదివారం దాని గురించేగా అడుగుతావు. నా గురించి ఏనాడైనా అడిగావా?"

కోపం వస్తుందనుకున్నాను, నా కూతురు కదా. రాలేదు. "ప్రతివారం అడుగుతున్నా. మొట్టమొదట అడిగేది అదే. నువ్వు గ్రాండ్ అంటావు. అయిపోతుంది" అంది. "అదే చేగోడీ గురించి అడిగితే ఇరవై నిమిషాలు మాట్లాడతావు. ఎలుకని కరిగిస్తుంటే అన్నం మాడిపోయిందంటావు. మూడింటికి నిద్రపట్టక లేచి చూస్తే వాడు మెలకువగా ఉన్నాడంటావు. వాడేం తిన్నాడో చెబుతూ నువ్వేం తిన్నావో చెప్పేస్తావు. నాకు ఇంకో దారి లేదు డాడ్."

 పక్కన పెట్టెలో చేగోడీ ఖాళీ చోటును వదిలి, ఇంకా సబ్బు వాసన పోని గిన్నెలో తల పెట్టి నీళ్లు తాగుతోంది.

సహస్ర మళ్లీ మాట్లాడింది. ఈసారి తెలుగులో. ఆ తెలుగు వంకరటింకరగా, ఐరిష్ యాసతో, ఒక్కో మాటా వెతుక్కుంటూ వచ్చింది. "నాన్నా. నువ్వు ఎలా ఉన్నావు?"

అలవాటు కొద్దీ గ్రాండ్ అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"బాగాలేనమ్మా" అన్నాను.

అటువైపు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినపడింది.